పొడి పొట్లం

ఉదయగిరి కొండ దిగొచ్చిన పొట్లం.
పాత పంచాంగం కాగితం, పసుపు దారం.
ఒంగోలు ల్యాబులో విప్పితే
ముందు శొంఠి వాసన,
మా జేజి కొంగు వాసన.

చిటికెడు తీసి ఆమ్లంలో కరిగించాను,
మంటలోకి పంపాను.
తెర మీద సీసం నిటారుగా లేచింది
దుర్గం బురుజులా.

పెంచలయ్య దొంగ కాడు.
తాత కల్వంలోనే నూరాడు,
తాత చెప్పిన నాగసిందూరమే కలిపాడు,
రోజూ తనూ తిన్నాడు.
సంతకం పెట్టిన చోట
అక్షరాలు వణికాయి.

కనిగిరి నుంచి మస్తానమ్మ ఫోను:
"ఏందమ్మా, నా పొడి ఎప్పుడిస్తారు?
బోరు నీళ్ళు మోకాళ్ళు వంచినాయి.
అది తింటేనే గదా లేస్తన్నా!"

రిపోర్టులో నేను నింపాల్సిన గడి
ఒక్క మాటకే సరిపోతుంది.
రాశాను.

ఆమె ఇంకా లైన్లోనే ఉంది.