తరుగు

ధర్మాబాద్ మిర్చి యార్డ్ల
అడత్ దుకాణం మీది అర్రల కూసుంటే
మనుషులే కాదు, నా కంప్యూటర్ సుత తుమ్ముతది.

మొదాలు అంతా ఒక్క ఫైల్లనే రాసిన.
తూకం, ధర, హమాలి కూలి, తరుగు, చిట్టీ, బ్యాంకు,
నాలుగు వేల వరుసలు
ఒకదాని కొంగు ఒకటి పట్టుకొని.
కూలి పది రూపాలు పెంచిన నాడు
చిట్టీ మీద మరాఠీ పేర్లన్నీ చెదిరిపొయినయ్.
ఎందుకో ఇప్పటికీ తెల్వది.

కింద హన్మాండ్లు కాంటా కాడ నిలవడ్తడు.
ముప్పై ఏండ్లాయె,
ఇయ్యాల ధరెంత అని అడిగినోడు కాదు.
"ధర ఎరుకైతే చెయ్యి బరువైతది బిడ్డా,
నాకొద్దు" అంటడు.
బరువొక్కటే కేకేస్తడు: "ముప్పైతొమ్మిదిన్నరా!"
దిగంబర్ మునీమ్ ఆ కేకనే రాసుకుంటడు,
గోనె దిక్కు తలెత్తడు.
మాణిక్ సేఠ్ రుమాలు కింద వేళ్లు కలిపి
ధర తెంపుతడు,
కాంటా దిక్కు రాడు.

ఆ రాత్రి ఫైలును ముక్కలు చేసిన.
కాంటా ముక్కకు ధర తెల్వద్దు.
ధర ముక్కకు రైతు పేరు తెల్వద్దు.
చిట్టీ ముక్క లెక్కల జోలికి పోవద్దు,
ఇచ్చింది అచ్చేస్తే చాలు.
నడుమ గోడలల్ల సన్నటి కిటికీలు,
ఒక్క అంకె దూరేటంత.
తెల్లారేదాంక చూస్కుంట మురిసిన.

తొమ్మిదో నాడు
కరఖేలి సాయవ్వ మెట్లెక్కొచ్చింది,
చిట్టీని నాలుగు మడతలు పెట్టి
కొంగున ముడేసుకొని.
చదువు రాదు. వేలి కణుపులే ఆమె పలక.
"నావి పదకొండు గోనెలు.
గోనెకు కిలో పోతదని ఎరుకే,
అది మా అవ్వ కాలం నుంచి పోతనే ఉన్నది.
ఇర్వై రెండెట్ల పోయినయ్, సారూ?"

చూసిన.
తరుగు కాంటా ముక్క తీసింది, తన పనే అనుకొని.
ధర ముక్క మల్ల తీసింది,
అదీ తన పనే అనుకొని.
ఎవలూ దొంగలు కారు.
ఇద్దరూ పని దొంగలు సుత కారు.
గోడ బాగనే కట్టిన, మాట పెట్టుడు మరిచిన.

కిందికి దిగి అడిగిన:
"తాతా, తరుగు ఎవలు తీస్తరే?"
హన్మాండ్లు కాంటా తుడుస్తనే ఉన్నడు.
"ఎవలో ఒక్కలే తీస్తరు.
ఆ ఒక్కలెవలో
పొద్దుగాల చాయ్ కాడ అనుకుంటం.
అనుకోని నాడు కొట్లాటే."

తొమ్మిది దినాల చిట్టీలు తిరిగి తీసిన.
సేఠ్ గొణిగిండు, పైసలిచ్చిండు.
సాయవ్వ నోట్లు రెండు సార్లు లెక్కవెట్టి
మూడోసారి నా మొఖం చూసుకుంట లెక్కవెట్టింది.

ఇప్పుడు తరుగుకు వేరే ముక్క,
పది వరుసలు కూడ లేవు.
మీద తెలుగుల ఒక పేరు రాసి పెట్టిన.
మెషీన్ దాన్ని చదవదు, దాటేసి పోతది.

నేను మాత్రం ఆడ ఆగుతా.
మెట్లెక్కి రానోళ్ల గోనెలు
ఇంకెన్ని కిలోలు, ఏ రెండు గోడల నడుమ
రాలిపోతున్నయో.

కింద కేక ఇనవడ్తది:
"నలభై కొట్టు!"
తుమ్మొస్తది.