నాలుగు మెట్లు

వాల్దివియాలో ఆ రోజూ వానే.
నేనూ, రొట్టెల కొట్టు ఎలియాసరూ
చెరోవైపు పట్టి, కుర్చీతో సహా
వేదికెక్కించాం ఒరియెతాని.
బరువేం లేదు.
దించేదాకా ఆమె గోడ గడియారాన్నే చూసింది.

పతకాల గురించి రెండే ముక్కలు.
అరచేతులు చూపించింది పిల్లలకి:
పందెం చక్రాలు తోసీ తోసీ
బూటు అడుగులా మొద్దుబారిన తోలు.
ఒక పిల్లాడు ముట్టుకుని
వేలు వెనక్కి లాక్కున్నాడు.

"సాధ్యం కానిదేదీ లేదు" అంటుందనుకున్నా.
అనలేదు.
డబ్బా తిప్పింది,
ఓసోర్నోలో ఎవరో పాపకి కుర్చీ కొనాలట.
నాణేల చప్పుడు. రేకుల మీద వాన.

కిందికి దింపుతుంటే అడిగింది నన్ను:
"నీ దగ్గర రంపం ఉందా?"

ఇరవై ఆరేళ్లుగా ఈ మెట్లు తుడుస్తున్నాను.
ఇవాళే లెక్కపెట్టాను.

ఉందమ్మా,
కాస్త తుప్పు పట్టింది.