ఏరియేటర్లు ఆగిన రాత్రి

ఆకివీడులో ఎరువుల కొట్టు మీది గదిలో
శనివారం శనివారం సత్యవేణిగారి ధ్యానం క్లాసు.
ముప్పై ఏళ్ళు నర్సుగా ఊళ్ళ వెంట తిరిగిన మనిషి.
సూది వేసే ముందు చెప్పినట్టే చెబుతుంది:
"వదిలెయ్యి. బిగబట్టకు. మనసూ అంతే."

వదలడం నాకు రాదు.
పద్దెనిమిది ఎకరాల రొయ్యల చెరువుకి కాపలావాణ్ణి,
వదిలేస్తే ఏమవుతుందో తెలుసు.

కళ్ళు మూయగానే
మేత బస్తాల లెక్క మొదలవుతుంది,
దానియేలు నాకివ్వాల్సిన నాలుగొందలు,
ఎప్పుడో చిన్నప్పుడు పంటబోదెలో జారిపోయిన హవాయి చెప్పు.
అది ఇంకా తేలుతూనే ఉంటుంది,
ఒక్కటే, ఎడమకాలిది.

కింద నుంచి యూరియా వాసన. పైన మేం పదకొండు మందిమి.
ఎవరి పొట్టో గుర్రుమంటుంది.
"లోపల అందరం ఒకటే" అంటుంది సత్యవేణిగారు.
ఒక కన్ను తెరిచి చూస్తాను.
బట్టల కొట్టు గుమస్తా కూడా ఒక కన్ను తెరిచి
నన్నే చూస్తున్నాడు.
అంతవరకూ అయితే ఒప్పుకోవచ్చు.

*

సీసలి అవతల, ఉప్పుటేరుకి దగ్గర్లో మా చెరువులు.
రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి,
నీళ్ళని చెంపలు వాయిస్తున్నట్టు.
కొత్తలో వారం రోజులు నిద్రపట్టలేదు.
తర్వాత ఆ చప్పుడు లేదు.
అంటే ఉంది, నాకు లేదు.
చెవి దాన్ని మింగేసి మంచినీళ్ళు తాగేసింది.

గట్టు మాది మాకుంది, మస్తాన్‌ది మస్తాన్‌కుంది.
గట్టు కింద ఊట మాత్రం ఎవరి మాటా వినదు.
వాళ్ళకి తెల్లమచ్చ తగిలితే
మూడో రోజుకి మాకు.
ఈ సంగతి రాజుగార్లు పైకి అనరు.

మొన్న వైశాఖంలో, రెండు దాటాక,
నవారు మంచం మీద లేచి కూచున్నాను.
ఎవరూ పిలవలేదు. ఏదీ కుట్టలేదు.
మూడు ఊపిర్లసేపు
ఎందుకు లేచానో తెలియలేదు.

చప్పుడుకి లేచేవాళ్ళుంటారు.
చప్పుడు ఆగినందుకు లేచాను నేను.

కరెంటు పోయింది.
కొల్లేటి వైపు చీకటి దాకా
నూనె పోసినట్టు నీళ్ళు.
తూర్పు గట్టు మీద ఒక టార్చి వెలిగింది. మస్తాన్.
దాని వెనక ఇంకోటి. దానియేలు.
ఇంకోటి, ఇంకోటి,
పేర్లు తెలియనివాళ్ళవి, సిద్ధాపురం వైపు దాకా.

ఎవరూ ఎవర్నీ లేపలేదు.
ఇందరం నిద్రలో ఒకే చప్పుడుని వింటున్నాం,
వింటున్నామని తెలియకుండా,
ఒకే చెవితో.

మేత బస్తాలు లేవు, నాలుగొందలు లేవు.
ఎడమకాలి చెప్పు ఏ ఒడ్డుకో చేరిపోయింది.
సత్యవేణిగారూ, ఇదేనా
అని అడగడానికి నేనూ లేను.

ఎంతసేపంటే,
చెరువు అంచున రొయ్యలు పైకి తేలి
మీసాలతో నీటిపొరని గీకే
సన్నటి చప్పుడు వినపడేదాకా.
గాలి కోసం.

పరిగెత్తాను.
ఇంజను హేండిలు మొదటిసారి చేతిని విదిలించి కొట్టింది,
రెండోసారి దగ్గింది,
మూడోసారికి అందుకుంది.
మస్తాన్‌ది అంటుకోలేదు.
దానియేలు డీజిలు డబ్బాతో గట్టు మీద పడుతూ లేస్తూ వచ్చాడు.
నేను టార్చి నోట కరిచి బోల్టు బిగించాను.
మాట అవసరం రాలేదు.
చెయ్యి చాపితే పానా ఉంది, ఎవరు పెట్టారో.

మూడుంపావుకి
చక్రాలన్నీ నీళ్ళని మళ్ళీ కొట్టడం మొదలెట్టాయి.
ముగ్గురం ఒకే బీడీ తిప్పుకుంటూ
బురదకాళ్ళతో కూచున్నాం.
కాసేపటికి ఆ చప్పుడు
మళ్ళీ లేకుండా పోయింది.

*

"ఈ వారం ఏమైనా అనుభవం?" అడిగింది సత్యవేణిగారు.
"నిద్ర సరిగ్గా లేదండి" అన్నాను.
గుమస్తా ఒక కన్ను తెరిచాడు.

దానియేలు నాలుగొందలూ ఇంకా ఇవ్వలేదు.