నీళ్ల గది పద్దు

ఇల్లు కాలాక నుయ్యి తవ్వడం గురించి
నాకెవరూ చెప్పక్కర్లేదు.
మా కొండమీద అసలు నుయ్యే లేదు.
ఉన్నదల్లా నా నీళ్ల గది:
ఒక పైపు, ఒక కిటికీ, ఒక తాళం.
ఉలాన్‌బాతర్ చివర,
తారు రోడ్డు చేతులెత్తేసిన చోట.

నేనిక్కడ కిటికీ తెరిచిననాడు
నూట నలభై గుమ్మాలు.
ఇప్పుడు రెండు వేల పైచిలుకు.
గడ్డి మంచుకింద పడి, మంద చచ్చిపోయిన
ప్రతి చలికాలం తర్వాతా
లారీలొస్తాయి,
మడతపెట్టిన ఉన్ని గుడారం, పొయ్యి, ఒక కుక్క.
సాయంత్రానికి కొత్త పొగ.
పొద్దున్నే నా కిటికీ దగ్గర కొత్త డబ్బా.

నిరుడు, తెల్ల నెల పండక్కి పదిరోజుల ముందు
పై సందులో ఒచిర్‌బాల్ ఇల్లు అంటుకుంది.
ఫోన్‌లో అడిగారట: "ఏ వీధి? ఎన్నో నంబరు?"
వాళ్ల పదేళ్ల పిల్ల చెప్పిందట:
"నీలం గేటు. కుంటి కుక్క ఉంటుంది."
ఊళ్లోంచి బండి బయల్దేరింది.
గడ్డకట్టిన ఎక్కుడులో దాని చక్రాలు
ఉన్నచోటే తిరిగాయి.

నేను తాళం తీశాను.
డబ్బాలు చేతులు మారుతూ పైకి వెళ్లాయి.
సున్నాకి ముప్ఫై ఐదు కింద చలి.
చిందిన నీళ్లు దారిలోనే గాజై
మోసేవాళ్లనే పడగొట్టాయి.
రెండువందల పదకొండు డబ్బాలు.
అలవాటు చొప్పున పద్దులో రాసి,
డబ్బు గడిలో ఏం రాయాలో తెలియక వదిలేశాను.
పిల్ల బతికింది. తాత బతకలేదు.
గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇవాళ నా గది పక్కన
రెండు ఎర్ర తలుపులు,
ఒక్కో తలుపు వెనక ఒక్కో బండి.
రిబ్బను కత్తిరించడానికొచ్చినాయన
"శరవేగంగా ఎదుగుతున్న ప్రాంతం" అన్నాడు.
ఎవరి గురించోనని వెనక్కి తిరిగి చూశాం.
చలికి ముందు మైకు మూగబోయింది,
కాసేపటికి ఆయన.

గొంబోసురెన్ ముసలమ్మ చెక్క గరిటెతో
పాలు చిలకరించింది,
చక్రాలమీద, ఆకాశంలోకి,
కుర్రాళ్ల కొత్త బూట్లమీద కూడా కాస్త.
తర్వాత కెప్టెన్ చెయ్యి పట్టుకు ఆపింది.
"మేం పొయ్యిలో ఉమ్మం. చెత్త వెయ్యం.
నిప్పువైపు కత్తిమొన చూపం.
మొదటి ముద్ద దానికే.
నువ్వేమో దాని నెత్తిన నీళ్లు కుమ్మరించి
జీతం తీసుకుంటావు.
అది నిన్నేమీ అనదా, నాయనా?"

"పొయ్యిలో ఉన్నంతసేపు అది మీ ఇంటి మనిషి, అమ్మా.
గడప దాటి వీధిన పడితేనే నాతో పని."
ఆమెకు ఆ జవాబు నచ్చలేదు.
అయినా ఇంకో గరిటె పాలు పోసింది.

అందరూ వెళ్లాక, చీకటి పడే వేళ,
కెప్టెన్ నర్మందఖ్ నా కిటికీ దగ్గరికొచ్చాడు.
చేతిలో డబ్బా లేదు.
"అక్కా, బండ్లున్నాయి, మనుషులున్నారు.
మ్యాపు లేదు.
ఆఫీసువాళ్లిచ్చిన ఫొటోలో ఈ కొండ
ఇంకా గొర్రెలు మేసే కొండే."

పద్దు పుస్తకం తెరిచాను.
పాత బస్సులో కాపురమున్నవాళ్లు: రోజుకి రెండు డబ్బాలు.
కవలల ఇల్లు: ఆరు, ఉతికే రోజు తొమ్మిది.
తాగి తలుపు మర్చిపోయే దర్జీ: ఒకటి,
అదీ ఎదురింటివాళ్లు మోసిపెడితే.
ఏ సందులో మలుపు ఇరుకో,
ఏ కంచె పక్కకు జరుగుతుందో,
ఎవరి మంచం మీంచి మనిషి లేవలేడో,
నీళ్లు మోసేవాళ్లు చెబుతూనే ఉంటారు,
డబ్బా నిండేదాకా.

అతను గీస్తూ పోయాడు.
నా టీ రెండుసార్లు చల్లారింది.
ఒక పేజీ దగ్గర వేలు ఆగింది.
"ఈ గడేంటి, ఖాళీగా ఉంది?"

"అది నీలం గేటు.
ఇప్పుడక్కడ గేటొక్కటే ఉంది.
కుంటి కుక్క మీ ఎర్ర తలుపుకింద పడుకుంటోంది,
మధ్యాహ్నం నుంచీ,
ఎవరు తరిమినా పోవట్లేదు."

ఏమీ అనలేదు.
కాగితంమీద, పై సందు చివర,
ఆ గేటు కూడా గీశాడు.
అతని దగ్గర నల్ల పెన్నే ఉంది.
నాది ఇచ్చాను.