నాలుగో పాదం

శనివారం పొద్దున
న్యూపోర్ట్ లైబ్రరీ వెనక గదిలో
హీటరుకి అంటుకుని ఏడుగురు పిల్లలు.
వారమంతా ఆసుపత్రిలో
ఎవరెవరివో ఎముకలు ఫొటోలు తీసే నేను
ఇవాళ వీళ్ళ చేత
డైనోసార్ పద్యం రాయించాలి.

"రాక్షసబల్లి అంటారు తెలుగులో" అన్నాను.
"బల్లి అంటే?"
ఇంటి గోడ మీద బల్లిని చూసిన పిల్ల
ఒక్కతీ లేదిక్కడ.
రాక్షసబల్లులు మాత్రం
అందరి దుప్పట్ల నిండా ఉన్నాయి.

తక్షిల్ వెంటనే అందుకున్నాడు:
"రాక్షసబల్లీ రాక్షసబల్లీ
పోయినదానివి రావేం మళ్ళీ?"
అక్కడ ల, ఇక్కడ ళ.
తప్పనబోయి ఆగాను.
మడత పడని ఈ నాలుకల మీద రెండూ ఒకటే.
లళలకు భేదం లేదని
మా తెలుగు మాస్టారు
మార్కులు కలిపేటప్పుడు మాత్రమే చెప్పేవారు.
పాసయ్యావు పోరా.

"బళ్ళో మీకు నేర్పింది
తోక చివర కట్టిన గంట.
మన ప్రాస అలా ఊగదు, మోగదు.
ప్రతి పాదంలో
రెండో అక్షరం దగ్గర పాతేసి ఉంటుంది.
ఒక్క అక్షరం మందాన మట్టి తీయండి,
గునపానికి తగులుతుంది."

"పాదమా?"
"పద్యంలో ఒక వరస. నాలుగుండాలి."
"ఇగ్వానొడాన్ రెండిటి మీదా నడిచేది" అంది ఎస్తేరు.
ఆ పిల్లకి తెలియని ఎముక లేదు.
"నడిస్తే నడిచింది.
మన దానికి నాలుగూ కిందికి దించుదాం."

తవ్వారు.
ముందు తోకే దొరికింది:

తోక ఊపితే చెట్లు కూలెను

"క! క!" అని బల్లలు చరిచారు.

ఆకలేస్తే అడవి తినెను

రిషాంక్ ముక్కు పట్టుకొచ్చాడు.
కకారమే, కానీ జంట.
పైగా దాని ముందున్నది పొట్టి, మనకి కావలసింది పొడుగు.
పాపం, పారెయ్యలేదు.
ఏ జంతువుదో తేలని ముక్కల డబ్బాలో
భద్రంగా పెట్టాం.

కేక పెడితే కొండ వినెను

అంతే. మూడు కాళ్ళ మీద నిలబడిపోయింది.
లోకం, రేకు, బాకా, కాకి
ఏదీ అతకలేదు.
పన్నెండయింది.
ఊలు ఉండలతో అల్లికల సంఘం ముసలమ్మలు
తలుపు దగ్గర దగ్గారు.

మధ్యాహ్నం సముద్రం వెనక్కి తగ్గాక
అమ్మానాన్నల కార్లలో కాంప్టన్ తీరానికి వెళ్ళాం.
నాచు పట్టిన రాతి మీద
మూడు వేళ్ళ అడుగు,
నిండా నీళ్ళు, అందులో ఒక చిన్న పీత.
ఎస్తేరు వంగి జానలతో కొలిచింది.
తక్షిల్ పీతతో మాట్లాడాడు.
అయిదేళ్ళ సనోబర్
ఎవరూ వద్దనేలోగా
రెండు కాళ్ళతోనూ దూకేసింది.

"నాకు బూటు తడిసిందీ!"

నా బూటు, అనాలి.
నోటి దాకా వచ్చింది దిద్దుబాటు.
కానీ చూడండి,
ఆ తప్పులోనే,
సరిగ్గా రెండో అక్షరం దగ్గర,
పొడుగు అక్షరం వెనకాల
క కూర్చుని ఉంది.

నాకు బూటు తడిసెను!

"ఇందులో డైనోసార్ ఏదీ?" అన్నాడు తక్షిల్.
"బూటు నిండా ఉందిగా" అంది ఎస్తేరు,
దాన్ని బోర్లించి నీళ్ళు వంపుతూ.

గాలి సగం మాటలు ఎత్తుకుపోతుంటే
ఏడుగురూ గొంతు చించుకుని చదివారు.
పుల్లతో ఇసుకలో రాశారు,
వంకర టింకరగా, నాలుగు పాదాలూ.
సనోబర్ ఒక్క బూటుతో కుంటుతూ
చివర పీత బొమ్మ వేసింది.

కారెక్కాక గుర్తొచ్చింది,
వారమంతా ఫొటోలు తీసేదాన్ని
అదొక్కటీ తీయలేదు.
అప్పటికే అల
మొదటి పాదం దాకా వచ్చేసింది.