పడవ ఎక్కకముందు రాసుకున్నవి

వైజాగ్ కాలనీ ఒడ్డున, పొద్దుగాల ఎనిమిదింటికి,
టీ గిలాస చల్లారంగ
పాత ఎస్సార్ కాయితం వెనకాల రాసుకున్న.
ముప్పై ఒక్క ఏండ్లు ఊరోళ్లందరికి రూల్స్ చెప్పిన నోరు,
ఇయ్యాల నాకు నేను చెప్పుకోవాలె.

బేరం గట్టు మీదనే.
నీళ్ల నడుమ పైసల మాటెత్తితె
ఇంజన్ తాడు ఎవరి చేతిలుంటదో వాళ్లదే రేటు.

జాకిట్ ముందుగాల నేనే తొడగాలె,
చేపల కౌసు కొట్టినా సరే.
నేను కట్టుకోకుంటె సుగుణ కట్టుకోదు,
సుగుణ కట్టుకోకుంటె జంగయ్య అస్సలు కట్టుకోడు.
సీటు బెల్టును టిఫిన్ డబ్బ కట్టెటందుకు
వాడుకున్న డ్రైవర్ ఆయన.

మూడు దీవులే. మూడంటె మూడు.
"అగో, గింత దూరమే" అని ఎవరన్న నాలుగోది చూపిస్తె
నాకు చెవుడు.

అఫ్సర్ సంచిల సీసా ఉన్నది. నాకు తెలుసు.
అది తిరిగొచ్చినంకనే.

పడవల ఉన్నంత సేపు నూకరాజు మాటే మాట.
ఇది రాయనీకె శాన సేపు పట్టింది.
డ్రైవర్ మాట విన్న కండక్టర్‌ను
మా దేవరకొండ డిపోల ఎవరన్న చూసిన్రా?

ఎక్కినంక మందిని లెక్కపెట్టొద్దు.
ఇది రాసి కొట్టేసిన.
మళ్ల రాసిన. మళ్ల కొట్టేసిన.

డిండి మలుపు కాడ, జాతర దినాలల్ల,
యాభై ఐదు సీట్ల బండిల తొంభై ఒక్కరు.
తొంభై ఒకటో టికెట్ నేనే చింపిచ్చిన.
ఫుట్‌బోర్డు మీది పోరడు
బతికిండు. ఇప్పుడు జిరాక్స్ షాపు నడుపుతడు.
మిషను కాడికి నడిచేటప్పుడు
కుడికాలు కొంచెం ఆలస్యంగ వస్తది.
నన్ను గుర్తుపట్టడు.
ఎంత దూరమైనా నేను అక్కడ్నే జిరాక్సులు తీయించుకుంట.

నూకరాజు పడవల నీళ్లు తోడిపోసిండు.
వాళ్ల తాత విశాఖ దిక్కు నుంచి వలలు మోసుకొచ్చిండట,
మనిషి ఇక్కడ పుట్టినా యాస ఇంక ఉప్పునీళ్లదే.
"పది మందండి. పదకొండయితే నాను రాను."
గప్పుడే ఆయన మీద గౌరవం కలిగింది.
మేం ఎనిమిది.

ఎక్కి కూసున్నమో లేదో
ఆటో దిగిన్రు ముగ్గురు, అంగడిపేటోళ్లు:
మొగుడు, పెండ్లాం, ఐదేండ్ల పిల్ల.
"ఒక్క పడవకు పైసలు కుదరయి అక్కా, కలిసి పోదాం."
పిల్ల అప్పటికే చెప్పులిడిచి చేతుల పట్టుకున్నది.
"దానిదేమున్నది, ఒళ్లె కూసుంటది" అన్నది సుగుణ.
నూకరాజు నా దిక్కు చూసిండు.
పిల్లకు హాఫ్ టికెట్ ఉంటది గని
నీళ్లకు హాఫ్ లేదు.

కాయితం తీసి చూసుకున్న.
నా చేతిరాతే.
దీనికి జవాబు రాసి లేదు.

దిగిన.

జాకిట్ విప్పి పిల్లకు తొడుగుదామంటె
దానికి మోకాళ్ల దాక వచ్చింది.
నూకరాజు ముందర పలక కింద చెయ్యి వెట్టి చిన్నది తీసిండు.
"నువ్వు లేకుంట బండెట్ల కదుల్తది" అన్నడు జంగయ్య.
కదిలింది.

ముప్పై ఒక్క ఏండ్లల్ల మొదటిసారి
నా బండిని బయట నిలవడి చూసిన.
మనోళ్లు ఎక్కినంక ఎంత చిన్నగుంటదో!
పిల్లతోని కలిపి పది.
లెక్కపెట్టొద్దన్న రూలు ఎక్కినోళ్లకు, నేను ఎక్కలే గద.
రెండు వేళ్లు నోట్లె వెట్టి విజిల్ కొట్టిన.
"రైట్, రైట్!"

మొదటి దీవి ఇక్కడికెల్లి బర్రె ఈపు లెక్క కనవడ్డది.
రెండోది కనవడలే.
మూడోది ఎట్లున్నదో తర్వాత
ముగ్గురు మూడు తీర్ల చెప్పిన్రు.

నూకరాజు పెండ్లాం ఇంకో టీ పోసింది.
"గట్టు మీదేటమ్మా బయం, అదిప్పేయ్."
విప్పలే.
రెండు మేకలొచ్చి నన్ను చూసి,
ఇది తినేది కాదని పోయినయ్.

ఒకటింటికి ఇంజన్ సప్పుడు.
పడవ ఇంక అగ్గిపెట్టెంత ఉండంగనే
లేచి నిలవడ్డ, వేలు చాపిన,
ఒకటి,
రెండు,
జంగయ్య (జాకిట్ లేదు!),
నాలుగు...