బొటనవేలు పనికిరాదు

హాజరు యంత్రం నా వేలు ఒప్పుకోలేదు.
ఎర్ర లైటు.
కొంగుకి తుడిచి మళ్ళీ పెట్టాను, ఎర్ర లైటు.
"గీతల్లేవు" అన్నాడు కంప్యూటరబ్బాయి,
మా రేషను డీలరు అన్న మాటే.

గీతలు పలాసలో ఉన్నాయి నాయనా.
పద్నాలుగేళ్ళు జీడిపిక్కలు కొట్టిన బల్ల మీద
పెంకు పగిలినప్పుడల్లా చిమ్మిన రసంలో
ఒక్కో పొరా వదిలి వచ్చాను.
గుండు వేరు, బద్ద వేరు, నూక వేరు,
చూపుతోనే ఏరేదాన్ని.
ఆముదం రాసుకుని పడుకున్న రాత్రుల్లో
నా బిడ్డ చెంప కూడా
ఎక్కడో దూరంగా తగిలేది.

శ్రీకాకుళంలో ఆరు నెలల శిక్షణ.
ముప్పై ఆరేళ్ళకి మొదటిసారి
బూట్లకి లేసులు కట్టుకున్నాను.
ఇంటరు తప్పిన దమయంతి,
సీతంపేట కొండ దిగొచ్చిన సవర చామంతి
ముడి వెయ్యడం నేర్పి
కూర్మమ్మత్తా, ఇంక పరిగెత్తు అన్నారు.

మాకొక రబ్బరు రోగి ఉన్నాడు.
మనిషి మంచం మీదుండగానే దుప్పటి మార్చాలి,
వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి
పక్క తిప్పాలి.
స్నానం చేయించినప్పుడు తెర లాగలేదని
సలోమి సిస్టరు నాకు మార్కులు కోసింది.
"రబ్బరుకి సిగ్గేటి సిస్టర్?"
"దానికి లేదు. నీకు అలవాటవ్వాలి."

తర్వాత నాడి.
"బొటనవేలు పనికిరాదు. దానికి సొంత నాడి ఉంది.
అది పెట్టారంటే మిమ్మల్ని మీరే లెక్కపెట్టుకుంటారు."
దమయంతికి డెబ్బై ఎనిమిది దొరికింది,
చామంతికి ఎనభై రెండు.
నేను మూడు వేళ్ళు వేసి
గడియారం ముల్లు చుట్టు తిరిగేదాకా పట్టుకున్నాను.
ఎవరూ లేని ఇంటి తలుపు తట్టినట్టుంది.
డెబ్బై ఆరు అన్నాను.

సిస్టరు నా చెయ్యి తిప్పి వేళ్ళ కొసలు చూసింది.
"అంకె చూసి డాక్టరు మందు రాస్తాడు, కూర్మమ్మా.
తెలీకపోతే తెలీలేదను."
నా డెబ్బై ఆరుని తనే కొట్టేసింది.

వార్డు డ్యూటీ డయాలసిస్‌లో పడింది.
తెల్లారకుండా ఉద్దానంలో బస్సెక్కిన వాళ్ళు,
కొబ్బరి తోటల వాళ్ళు, జీడి తోటల వాళ్ళు,
నేను కొట్టిన పిక్కలు ఎవరి చెట్టువో.
నాలుగో మంచం లోకనాథం తాత.
ఎడమది ఫిస్టులా చెయ్యి,
బీపీ పట్టీ కట్టకూడదు, బరువు పెట్టకూడదు,
ఊరికే వేళ్ళు వేసి చూడు, గుర్రుమనాలి అంది సిస్టరు.

వేశాను.

చర్మం కింద తుమ్మెద.
కాదు, పిండిమర పక్కింటి గోడ.
అదీ కాదు.
పద్నాలుగేళ్ళకి
నా వేళ్ళతో ఎవరో మాట్లాడారు.
అదిరి చెయ్యి తీసేస్తే
"ఏటమ్మీ, షాకు కొట్టిందేటి?" అన్నాడు తాత.

ఆ పెద్ద చప్పుడు పట్టుకునే
చిన్న చప్పుడు దగ్గరికి నడిచాను.
వారాలు పట్టింది.
కొసలు కాదు, కొసకి కాస్త కింద,
రసం చేరని మెత్తన ఒకటి మిగిలుంది.
దాన్ని తాత కుడి మణికట్టు మీద ఆనించాను.
ఎనభై నాలుగు.
సిస్టరు మళ్ళీ చూసింది.
ఎనభై నాలుగే.

నాలుగ్గంటలు కదలకూడదు.
తాత నీళ్ళడుగుతాడు, తడి దూదితో పెదవులద్దుతాను.
ఒళ్ళంతా దురద, ఆ జబ్బుతో వచ్చిన చుట్టం.
గోళ్ళు వద్దు, అరచేత్తో రుద్దమన్నారు.
నా గరుకు చేతి తొడుగు దాటిపోయిందేమో,
"ఆఁ, అక్కడే.
ఆ పిల్లల సేతులు జారిపోతాయమ్మీ,
నీదే సెయ్యంటే."
ఫ్యాక్టరీ మేస్త్రీ ఏనాడూ అనలేదు ఆ మాట.

యంత్రం ఇంకా ఒప్పుకోలేదు.
హాజరుకి కన్ను చూపిస్తున్నాను.

ఆదివారం ఇంటికెళితే
నిద్రలో ఉన్న బిడ్డ మణికట్టు మీద మూడు వేళ్ళు వేశాను.
గడియారం చూస్తూ, పెదవులు కదలకుండా.
నలభై మూడు దగ్గర
"ఏటే అమ్మా, పడుకోనీ" అని
చెయ్యి లాక్కుని అటు తిరిగింది.
లెక్క పోయింది.